దోమ రక్తం మీద బతకదు

"దోమలు రక్తం తాగి బతుకుతాయి" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మగ దోమ జన్మలో ఒక్క చుక్క రక్తం ముట్టదు. ఆడ దోమకైనా ఎగరడానికి ఓపికనిచ్చేది పూల తేనె, మొక్కల రసాలే. గుడ్లు తయారవ్వాలంటే ప్రొటీన్ కావాలి, అందుకే మన మీద వాలుతుంది. అంటే మనం దాని రోజువారీ భోజనం కాదు, పురుటి పథ్యం!

నిజంగా రక్తం మీదే బతికేది నల్లి. ఆడా మగా, పిల్లా పెద్దా అన్నిటికీ అదే తిండి. ఇలా రక్తం తాగడాన్ని హీమటోఫజీ అంటారు. నల్లిలా వేరే గతి లేనివి ఆబ్లిగేట్ రకం. చెప్పినంత సుఖమేం కాదది. రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే, బి విటమిన్లు బాగా తక్కువ. ఆ లోటు తీర్చడానికి నల్లి ఒంట్లో ఓ బ్యాక్టీరియానే కాపురం పెట్టింది.

ఇప్పుడు తాగే పద్ధతి. ఇది నాకు భలే ఇష్టం. మీ చేతికో కొబ్బరి బోండం ఇచ్చారనుకోండి. స్ట్రా గుచ్చి తాగితే మీరు దోమ. చర్మం కింద రక్తనాళాన్ని వెతికి, సరిగ్గా అందులోకే దించుతుంది. ఈ రకం సొలెనోఫేజ్. బోండాన్ని అడ్డదిడ్డంగా నరికి, కారిన నీళ్లు జుర్రుకుంటే మీరు జోరీగ. చర్మం కోసి, మడుగు కట్టిన రక్తం తాగే ఈ రకం టెల్మోఫేజ్. జోరీగ కుడితే అంత మంట ఎందుకో అర్థమైందిగా? దానికి నాజూకు తెలీదు.

ఒక చిక్కుంది. బోండం నీళ్లు స్ట్రాలోనే గడ్డకడితే? రక్తం చేసే పని అదే కదా. అందుకే దోమ రెండు స్ట్రాలతో వస్తుంది. ఒకదాంట్లోంచి ఉమ్మి లోపలికి, రెండోదాంట్లోంచి రక్తం పైకి. గడ్డకట్టనివ్వని మందు ఆ ఉమ్మిలోనే ఉంటుంది. తర్వాత మనకొచ్చే దురదా దాని చలవే. జలగ దగ్గరున్న మందు పేరు హిరుడిన్.

టైమ్ అయిపోతోంది, గబ్బిలాల సంగతి గబగబా చెప్పేస్తా. రక్తం తాగే గబ్బిలాలు ప్రపంచం మొత్తంలో మూడే జాతులు, మూడూ లాటిన్ అమెరికాలోనే. అవీ పీల్చవు, కోసి నాకుతాయి. మన ఊరి చెట్లకి వేలాడే పెద్ద గబ్బిలాలు పళ్లు తినేవి, వాటిని వదిలేయండి.

చివరగా మలేరియా. 1897లో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కానీ అది మనలోకి దిగేది ఉమ్మి స్ట్రాలోంచి. మరుసటి ఏడాది కలకత్తాలో, పక్షులకి మలేరియా తెచ్చే దోమల్లో అది లాలాజల గ్రంథుల దాకా చేరడం చూశాకే ఆయనకి దారి పూర్తిగా దొరికింది.