మంచాన పడని జబ్బుకు ఇన్సూరెన్స్ ఎక్కడ?

(బెంగళూరులో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సెలవు రోజు ఇంటి పనులు పక్కనపెట్టి, పళ్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. మాది మదనపల్లె. ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. మారతహళ్లి దగ్గర క్లినిక్ నడుపుతున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు, మేస్త్రీలు, గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్లు, వాచ్‌మన్లు, ఇలా అన్ని రకాల తెలుగువాళ్లూ వస్తుంటారు. కుర్చీలో కూర్చోగానే అందరూ ఒకటే అడుగుతారు: "దీనికి ఇన్సూరెన్స్ వస్తుందా డాక్టర్ గారూ?" చాలాసార్లు రాదనే చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పిన రోజు నాకూ మనసు బాగుండదు.

కిందటేడు అనంతపురం అబ్బాయి ఒకరు వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. కింది దవడలో పుచ్చు పన్ను. ఎక్స్‌రేలో చూస్తే పుచ్చు నరం దాకా పోయింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి, పది వేల దాకా అవుతుందన్నాను. కంపెనీ ఇచ్చిన 5 లక్షల పాలసీ ఉందని, కనుక్కుని వస్తానని వెళ్లాడు. యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి వైద్యానికి పాలసీ వర్తించదన్నారట. సరే, బోనస్ వచ్చాక చూద్దామని నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. మూడు నెలలకు వాళ్లావిడ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. వాపు దవడ నుంచి మెడకు దిగింది. నోట్లో వేలు పట్టేంత సందు లేదు, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. చీము అక్కడిదాకా దిగితే ఊపిరికే ప్రమాదం. అప్పటికప్పుడు ఆసుపత్రిలో చేర్పించాం. మెడ దగ్గర కోసి చీము తీశారు. ఐదు రోజులున్నాడు. బిల్లు లక్షా నలభై వేలు. అది ఇన్సూరెన్స్ కట్టింది. పది వేలు ఇవ్వడానికి వీల్లేని పాలసీ లక్షా నలభై వేలు ఇచ్చింది. పన్ను మాత్రం దక్కలేదు.

ఎందుకిలా? మన దగ్గర ఆరోగ్య బీమాను ఆసుపత్రి మంచం చుట్టూ అల్లారు. 24 గంటలు అడ్మిట్ కావాలి, లేదంటే డేకేర్ జాబితాలో, అంటే చేరిన రోజే ఇంటికి పంపే చికిత్సల జాబితాలో ఉన్నదై ఉండాలి. పంటి జబ్బు మనిషిని మంచాన పడేయదు. అరగంట కుర్చీలో కూర్చుని, లేచి ఆఫీసుకు పోతాం. అందుకే అది బీమా కంటికి ఆనదు. 2007లో మన ఆరోగ్యశ్రీ, 2018లో ఆయుష్మాన్ భారత్ పేదవాళ్లకు ఎంతో మేలు చేశాయి. అవి లేకపోతే ఎన్నో కుటుంబాలు పొలాలు అమ్ముకునేవి. కానీ అవి కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరే జబ్బుల కోసం పెట్టినవే. గుట్కా నమిలే మనిషికి నోటి క్యాన్సర్ ముదిరితే ఆపరేషన్‌కు సాయం దొరుకుతుంది. అదే మనిషి బుగ్గ లోపల తెల్లమచ్చ ఉన్నప్పుడే చూపించుకుందామంటే జేబులోంచి పెట్టుకోవాలి.

పుచ్చు ఎలా ముదురుతుందో తెలిస్తే డబ్బు లెక్క దానంతటదే అర్థమవుతుంది. పంటి పైపొర ఎనామెల్. దానికి నరం లేదు, అందుకే చిన్న రంధ్రం పడితే నొప్పి ఉండదు. అప్పుడు ఫిల్లింగ్‌తో, ఓ వెయ్యి, పదిహేను వందల్లో పని అయిపోతుంది. లోపలి పొరకు చేరాక చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. నరానికి చేరాక రాత్రిళ్లు నిద్ర ఉండదు. అప్పుడే మనం డాక్టర్ దగ్గరికి పోతాం, ఖర్చు పదింతలయ్యాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయి. వాటిలో చాలావరకు తొలిదశలో ఆపగలిగినవే.

కంపెనీల ఇబ్బంది కూడా చెప్పాలి. పన్ను నొప్పి మొదలయ్యాకే పాలసీ కొందామనుకుంటాం. అలా కొనేవాళ్లే ఎక్కువైతే ప్రీమియం పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మానేస్తారు. అందుకే కొన్నాక ఇన్నాళ్లు ఆగాలన్న వెయిటింగ్ పీరియడ్లు, ఏడాదికి ఇంతే అన్న హద్దులు. దీనికి మందు ఒకటే, అందరినీ కలిపి చేర్చడం. 1954లో అమెరికా పశ్చిమ తీరంలో ఓడరేవు కూలీల సంఘం యజమానులతో మాట్లాడి, మొదట తమ పిల్లల పళ్లకే బీమా పెట్టించుకుంది. ఆ దేశంలో దంత బీమా పెరగడానికి అదొక పునాది. కూలీలు పిల్లలతో మొదలుపెట్టారు చూడండి, అది నాకు ఎంతో నచ్చిన విషయం. బ్రిటన్‌లో 1948లో ప్రభుత్వం పంటి వైద్యం ఉచితం చేస్తే జనం ఊహకు మించి వచ్చారు. ఖర్చు తట్టుకోలేక 1951లో కట్టుడు పళ్లకు రుసుము పెట్టారు. ఉచితం కాకముందు అన్నేళ్లూ ఎంతమంది నొప్పిని పళ్ల బిగువున భరించారో!

ఇప్పుడు మన సంగతి. హిందూపురం నుంచి వచ్చి గార్మెంట్స్‌లో పనిచేసే ఒక అమ్మ ఉంది. లవంగ నూనెలో ముంచిన దూది పంటి కింద పెట్టుకుని వచ్చింది. "పీకేయండి సార్, పీడా పోతుంది" అంది. జీతమెంతమ్మా అంటే కొంగు ముడిలోంచి మడతలు నలిగిపోయిన పే స్లిప్పు తీసింది. 14,000. దాని కింద చిన్న అక్షరాల్లో: ఈఎస్ఐ, 105. నాలుగేళ్లుగా నెలనెలా కోస్తున్నారు. ఆ 105 దేనికో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ గదిలోనూ అలాంటివాళ్లు ఉంటారు కాబట్టి వివరంగా చెబుతాను. నెల జీతం 21,000 దాటని కార్మికులకు, పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో ఈఎస్ఐ, అంటే ప్రభుత్వం నడిపే కార్మికుల బీమా, వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం మీది, 3.25 శాతం యజమానిది. ఆ అమ్మ పేరున నెలకు 560 రూపాయలు జమవుతున్నాయి. అందులో పంటి వైద్యమూ ఉంది. ఈఎస్ఐ ఆసుపత్రుల్లో దంత విభాగాలున్నాయి, రాజాజీనగర్‌లో పెద్దాసుపత్రే ఉంది. మీకే కాదు, భార్యకో భర్తకో, పిల్లలకు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా చూస్తారు. క్యూలుంటాయి, ఒక పూట కూలి పోవచ్చు, నిజమే. అయినా అది దానం కాదు, మీ చెమట డబ్బు. అడిగి తీసుకోండి.

ఈఎస్ఐ లేని మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కోట (ఫోర్ట్) ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లండి. 1958 నుంచి ఉంది. తక్కువ రుసుముతో చేస్తారు. విద్యార్థులు చేస్తారని భయపడకండి, వెనక ప్రొఫెసర్ నిలబడి చూస్తుంటారు. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక్క విన్నపం. పాలసీ రెన్యువల్‌కు ముందు మీ హెచ్ఆర్‌ను పదిమంది కలిసి అడగండి: ఓపీడీలో, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యంలో, దంత చికిత్స కలపమనండి, అందులో ఫిల్లింగ్, క్లీనింగ్ ఉండాలనండి. ఒక్కరే అడిగితే మెయిల్ మూలన పడుతుంది. డిస్కౌంట్ కార్డులు అమ్మేవాళ్లు వస్తారు, అది ఇన్సూరెన్స్ కాదు, బిల్లులో తగ్గింపు మాత్రమే. తేడా చూసుకుని కొనండి. అన్నట్టు, క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం వదిలేయండి. పళ్లను వదులు చేసేది గార. షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్లను అసలు నిర్లక్ష్యం చేయకూడదు, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టం, షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి.

ఆ హిందూపురం అమ్మ పన్ను నిలవలేదు, అప్పటికే ఆలస్యమైంది. కానీ మరుసటి వారం ఎనిమిదేళ్ల కొడుకును ఈఎస్ఐకి తీసుకెళ్లింది. వాడికి రెండు చిన్న పుచ్చులుంటే రెండూ ఫిల్లింగ్ చేసి పంపారట. ఫోన్ చేసి చెప్పింది.

బయట వరండాలో టేబుల్ వేయించాం. పే స్లిప్పు గానీ, పాలసీ కాగితం గానీ ఫోన్‌లో ఉన్నా సరే తెచ్చి చూపించండి. సాయంత్రం దాకా కూర్చుంటాను.