కోర్గ్ క్రాస్ 2 రివ్యూ: స్టైల్స్ లేవు, స్పీకర్లు లేవు, తోడి గాంధారం మాత్రం పలుకుతుంది

అందరికీ నమస్కారమండీ. ఇవాళ మన ముందున్నది కోర్గ్ కంపెనీ కీబోర్డు క్రాస్ 2, 61 మెట్ల (కీల) మోడల్.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆర్కెస్ట్రాలకీ, చర్చిలకీ వాయించేవాళ్లు కీబోర్డు కొనేముందు అడిగే మొదటి మాట, "స్టైల్స్ ఎన్నున్నాయి?" అని. ఇందులో అవి లేవు. ఎడం చేత్తో కార్డ్ పట్టుకోగానే బేసూ గిటారూ వెనకాలే వచ్చేసే ఆ తయారు వాయిద్యాన్నే స్టైల్ అంటారు, అవి ఉండే కీబోర్డు అరేంజర్. ఇది వర్క్‌స్టేషన్. టోన్లు, ఎఫెక్టులు, డ్రమ్స్, వాయించింది ట్రాకులుగా రికార్డు చేసే సీక్వెన్సర్ ఒకే పెట్టెలో పెట్టే ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది 1988లో వచ్చిన కోర్గ్ ఎం1. డ్రమ్ ప్యాటర్న్‌లు ఇస్తారు. మిగతా పాటంతా 16 ట్రాకుల్లో మనమే కట్టుకోవాలి. లోపల స్పీకర్లు కూడా ఉండవు కాబట్టి హెడ్‌ఫోనో, యాంప్లిఫయరో బడ్జెట్‌లో కలుపుకోండి.

బరువు 3.8 కిలోలు. భుజాన వేసుకుని బస్సెక్కొచ్చు. 6 పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. పైడితల్లమ్మ జాతర లాంటి చోట స్టేజీ లైట్లూ, కీబోర్డూ ఒకే జనరేటర్ మీద ఉంటే, ఓల్టేజీ పడిపోయినప్పుడు కీబోర్డు పాట మధ్యలో రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటి రోజు అడాప్టర్ పక్కనపెట్టి బ్యాటరీల మీదే వాయించండి. పాతవీ కొత్తవీ కలపొద్దు.

ఇక అసలు సంగతి, గమకం, అంటే స్వరాన్ని ఊపడం. ద్వారం వెంకటస్వామినాయుడు గారు సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు విజయనగరం. ఫిడేలు చెవికెక్కిన ఇక్కడి శ్రోతలు మెట్టు మెట్టుగా వాయించిన తోడి రాగాన్ని ఒప్పుకోరు. శ్రుతి సీ (C) అనుకోండి. గాంధారం ఈ-ఫ్లాట్ (E♭) మెట్టు. బెండ్ రేంజ్, అంటే పిచ్ వీల్ స్వరాన్ని ఎన్ని మెట్లు జరపాలో చెప్పే సెట్టింగ్, 2 పెట్టి, గాంధారం మెట్టు నొక్కి పట్టుకోండి. పిచ్ వీల్ పూర్తిగా పైకంటే మధ్యమం, పూర్తిగా కిందికంటే రిషభం. తోడి గాంధారం ఊగేది సరిగ్గా ఆ మేరలోనే. చాలామంది రేంజ్ 12 పెట్టేస్తారు. అప్పుడు వీల్ గోరంత కదిలినా స్వరం ఎక్కడికో పోతుంది. ఇంకోటి, వీల్‌ని టక్కున వదలకండి. స్ప్రింగ్ లాక్కుని స్వరం ఒక్కసారిగా ఎగురుతుంది.

ఫిడేలు టోన్‌కి ప్రోగ్రామ్ ఎడిట్‌లో వాయిస్‌ని మోనో (ఒకసారికి ఒకే స్వరం) చేసి, స్వరాలు తెగకుండా కలిపే లెగాటో ఆన్ చేయండి. లేకపోతే ప్రతి స్వరానికీ కొత్తగా విల్లు వేసినట్టు వినిపిస్తుంది. కింద తంబూరా టోన్ కూడా కలిపి కాంబినేషన్ (టోన్ల కలయిక) చేసుకుంటే, ఆ తంబూరా టింబర్‌కి (కాంబినేషన్‌లో ఒక్కో టోన్‌ని అలా అంటారు) మాత్రం బెండ్ రేంజ్ 0 పెట్టాలి. మరిచిపోతే గమకంతో పాటు శ్రుతీ ఊగిపోతుంది! మార్చింది WRITE బటన్‌తో సేవ్ చేయకుండా వేరే టోన్‌కి వెళ్తే, అంతా పోయినట్టే.

వాయిస్‌లు, అంటే ఒకేసారి పలికించగల శబ్దాలు, 120 అని రాసుంటుంది. రెండు ఆసిలేటర్ల (శబ్దం పుట్టించే భాగాల) టోన్ అయితే ఒక్క స్వరమే రెండు వాయిస్‌లు తింటుంది. అలాంటివి మూడు కలిపితే స్వరానికి ఆరు, అంటే ఒకేసారి 20 స్వరాలే. సస్టెయిన్ పెడల్ తొక్కి రెండు చేతులా వాయిస్తే 20 దాటడం ఎంతసేపు? ముందు నొక్కినవి కట్ అయిపోతాయి. లోపం అనుకోకండి, లేయర్లు తగ్గించండి.

స్టేజీ మీద ఒకే లైను ఇస్తే ఎల్ మోనో (L/MONO) సాకెట్‌కే పెట్టండి. కుడి (R) సాకెట్‌కి పెడితే స్టీరియో పియానో సగమే వినిపిస్తుంది. మిక్సర్ దూరంగా ఉంటే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని దూరం పంపడానికి మార్చే పెట్టె) ఉండాలి, లేకపోతే పొడుగాటి కేబుల్ గుయ్‌మనే హమ్ పట్టుకుంటుంది. యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ పెట్టాక గుయ్‌మంటే దాని ఛార్జర్ పీకి చూడండి. ఆగిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి వచ్చే రొద.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, ముఖ్యంగా కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో వాడినదైతే, 61 మెట్లూ ఒక్కొక్కటే మెల్లగా నొక్కండి. ప్రతి మెట్టు కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి తగిలాక రెండోది తగిలే వ్యవధిని బట్టే శబ్దం పెద్దదా చిన్నదా అని తేలుతుంది. ఉప్పుగాలికి, దుమ్ముకి అవి పాడైతే మెల్లగా నొక్కినా మెట్టు అరుస్తుంది, లేదా అసలు పలకదు. రెండు మూడు మెట్లకే అలా ఉంటే, మెకానిక్ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోవచ్చు. చాలా మెట్లకి ఉంటే బేరం ఆడకుండా వదిలేయండి.