చిన్న రివాల్వర్, పెద్ద దావా

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 1857లో ఒక చిన్న రివాల్వర్ తయారైంది. దాని పేరు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 1. బరువు సుమారు 300 గ్రాములు, బ్యారెల్ పొడవు 8 సెంటీమీటర్లు. అందులో పట్టే తూటాను పాయింట్ టూ టూ షార్ట్ అంటారు. ఆ తూటాలో మందు పావు గ్రాము, ముందున్న సీసపు గుండు రెండు గ్రాములకు కొంచెం తక్కువ. దీన్ని పట్టుకుని యుద్ధానికి వెళ్లమని ఏ సైన్యమూ చెప్పదు. అయినా అమెరికాలో రివాల్వర్లు చేసే కంపెనీలన్నిటినీ ఇది పన్నెండేళ్ల పాటు కట్టిపడేసింది. అదెలా జరిగిందో ఈ రోజు చెబుతాను.

అప్పటి రివాల్వర్లు ఎలా ఉండేవో ముందు తెలుసుకోవాలి. శామ్యూల్ కోల్ట్ చేసిన రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది, దానిలో ఐదో ఆరో గదులు. ఒక్కొక్క గదిలో ముందువైపు నుంచి మందు పోయాలి, గుండు పెట్టి కూరాలి, వెనకవైపు నిప్పు పుట్టించే చిన్న టోపీ ఒకటి తొడగాలి. గది గదికీ ఇదే తంతు. వాన పడితే మందు తడుస్తుంది, కంగారులో చేతులు వణికితే టోపీ జారిపోతుంది. గుర్రం మీద ఉన్నవాడి పాట్లు ఇక చెప్పనక్కర్లేదు.

హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ అనే ఇద్దరు భాగస్వాములు దీనికి వేరే దారి వెతికారు. మందు, గుండు, నిప్పు మూడూ ఒకే చిన్న రాగి డబ్బీలో ఉంటే సరిపోతుంది కదా అనుకున్నారు. ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే ఆయన 1845లోనే అలాంటి చిట్టి తూటా ఒకటి చేశాడు. ఇంటి లోపల గురి చూసి కాల్చే సరదా ఆటకి వాడేవారు. వెసన్ దాన్ని పొడిగించి, మందు చేర్చి, అసలైన తూటాగా మార్చాడు. దాని అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది, ఆ అంచు లోపలే నిప్పు పుట్టించే రసాయనం. సుత్తి వచ్చి అంచు మీద కొడితే తూటా పేలుతుంది.

తూటా ఒక ముక్కగా వచ్చేసింది కాబట్టి దాన్ని వెనకవైపు నుంచి పెట్టడమే సులువు. అందుకు సిలిండర్‌లో గదులు ఈ చివర నుంచి ఆ చివరకి ఆరపార తొలిచి ఉండాలి. ఇంత మామూలు విషయానికి అమెరికాలో అప్పటికే ఒక యజమాని ఉన్నాడు. ఆయన పేరు రోలిన్ వైట్. కోల్ట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసిన మనిషి. 1855 ఏప్రిల్ 3న ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పేటెంట్‌లో గీసిన తుపాకీ మాత్రం వాడకానికి పనికొచ్చేది కాదు. కానీ ఆ కాగితాల్లో, వెనక దాకా తొలిచిన సిలిండర్ తనదేనన్న హక్కు ఉంది. స్మిత్, వెసన్ ఇద్దరికీ కావలసింది ఆ ఒక్క మాటే.

1856 నవంబర్‌లో ఒప్పందం కుదిరింది. అమ్మిన ప్రతి రివాల్వర్ మీద వైట్‌కి 25 సెంట్ల రాయల్టీ. దాని కింద ఇంకో షరతు ఉంది. ఈ పేటెంట్‌ను ఎవరైనా ఉల్లంఘిస్తే వాళ్ల మీద కోర్టుకి వెళ్లాల్సింది వైటే, ఖర్చూ ఆయనదే. పొలం కౌలుకి తీసుకున్నవాడు పంటంతా ఇంటికి తోలుకుని, గట్టు తగాదా వస్తే లాయరు ఫీజు మాత్రం నువ్వే కట్టుకో అన్నట్టుంది ఆ షరతు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ఆ రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుందాం. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ దీనికి లేదు. ట్రిగ్గర్ కూడా ముందుకు పొడుచుకొచ్చిన చిన్న మొటిమంత ఉంటుంది. కింద ఉన్న గొళ్లెం తీస్తే బ్యారెల్ పైకి లేస్తుంది, కీలు పైన ఉంది కాబట్టి. అప్పుడు సిలిండర్ మొత్తంగా ఊడి చేతికొస్తుంది. బ్యారెల్ కింద బిగించిన చిన్న ఊచ మీద ఒక్కో గదినీ గుచ్చి, కాలిన డబ్బీలను ఒకటొకటిగా బయటికి నెట్టాలి. ఏడు గదులు, ఏడుసార్లు. తర్వాత కొత్త తూటాలు వేసి, సిలిండర్ పెట్టి, బ్యారెల్ దించి గొళ్లెం వేస్తే పని అయిపోయినట్టే. ఇప్పటి వాళ్లకి ఇది చాదస్తంగా అనిపిస్తుంది. 1857లో మాత్రం దీన్ని చూసినవాళ్లు ఆశ్చర్యపోయి ఉంటారు.

మొదటి తూటాల రాగి చాలా పలచన. పేలగానే అడుగు ఉబ్బి వెనక గోడకి బిగుసుకునేది, సిలిండర్ తిరగనని మొరాయించేది. అందుకని సిలిండర్ వెనక ఒక చిన్న బిళ్ళ పెట్టారు. అది సిలిండర్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి ఉబ్బిన తూటా రాసుకోదు. తూటాలు బాగుపడ్డాక ఆ బిళ్ళ అవసరం లేకపోయింది. పాత వస్తువులు సేకరించేవాళ్లు ఈ బిళ్ళ ఉందా లేదా అని ఇప్పటికీ మొదట చూస్తారు.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. ప్రభుత్వం ఈ రివాల్వర్‌ను సైనికులకి ఇవ్వలేదు. వాళ్లే సొంత డబ్బుతో కొనుక్కుని జేబులో వేసుకున్నారు. ఆర్డర్లు తీర్చలేనంతగా వచ్చిపడ్డాయి.

పక్క కంపెనీలు ఊరుకుంటాయా? పేటెంట్‌ను తప్పించుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు ఒక ప్రత్యేక అధ్యాయం. మూర్ కంపెనీ తూటాను ముందువైపు నుంచే పెట్టేలా చేసి, దాని వెనక చిన్న చనుమొన లాంటిది పెట్టింది. గది వెనక సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది, కాబట్టి ఆరపార తొలిచినట్టు కాదని వాళ్ల వాదన. స్లోకమ్ అనే రివాల్వర్‌లో ప్రతి గదికీ ముందుకు జరిగే గొట్టం ఉంటుంది, తూటాను పక్క నుంచి పెట్టాలి. ఇంత తెలివిని చట్టం సందుల్లో దూరడానికి ఖర్చు చేయాల్సి రావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. సూటిగా కాపీ కొట్టినవాళ్లు కోర్టులో ఓడిపోయి, తాము చేసిన తుపాకీల మీదే స్మిత్ అండ్ వెసన్ కోసం తయారైనవి అని ముద్ర కొట్టాల్సి వచ్చింది.

అసలు ఆ ఆలోచన వైట్‌దేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఫ్రాన్స్‌లో లెఫోషే కుటుంబం వెనక నుంచి తూటా పెట్టే తుపాకీలు అప్పటికే చేస్తోంది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యాయమూర్తులు సరిసమానంగా చీలిపోయారు. అలా చీలినప్పుడు కింది కోర్టు తీర్పే నిలుస్తుంది. కింది కోర్టు వైట్ పక్షాన చెప్పింది కాబట్టి పేటెంట్ బతికింది.

1869 ఏప్రిల్ 3న దాని గడువు తీరింది. వైట్ పొడిగింపు అడిగాడు, కుదరలేదు. వచ్చిన డబ్బంతా దావాలకే పోయిందని కాంగ్రెస్‌కి మొరపెట్టుకుంటే ఆయన కోసం బిల్లు పాసైంది. దాన్ని 1870 జనవరిలో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశారు. యుద్ధంలో సైన్యాన్ని నడిపించిన గ్రాంటే ఆయన. ఈ పేటెంట్ వల్ల యుద్ధకాలంలో ప్రభుత్వం చాలా ఇబ్బంది పడిందని ఆయుధశాఖ అధిపతి రాసిన లేఖను గ్రాంట్ తన నిర్ణయానికి ఆధారంగా చూపారు. వైట్‌కి అప్పటికే సుమారు 71 వేల డాలర్లు ముట్టాయనీ అన్నారు. 25 సెంట్ల చొప్పున లెక్క వేస్తే అది కంపెనీ మోడళ్లన్నీ కలిపి సుమారు 2.8 లక్షల రివాల్వర్ల మీద రాయల్టీ. గ్రాంట్ నిర్ణయం దేశానికి మంచిదే, ఆ తలుపు తెరుచుకోవాల్సిందే. కానీ లాభం తిన్న కంపెనీకి కాక, దాని తరఫున కోర్టుల చుట్టూ తిరిగిన మనిషికి దెబ్బ తగలడం నాకు న్యాయంగా తోచదు. వైట్ 1892లో చనిపోయాడు.

పేటెంట్ పోగానే చవక రివాల్వర్లు బజారును ముంచెత్తాయి. మోడల్ 1 మాత్రం రూపు మార్చుకుంటూ 1882 దాకా తయారైంది, మొత్తం సుమారు 2.5 లక్షలు. తూటా అంతకన్నా గట్టిది. పాయింట్ టూ టూ షార్ట్ ఇప్పటికీ తయారవుతోంది. దాని వంశంలోనే 1887లో పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ పుట్టింది. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో కాల్చింది ఆ తూటానే. వెసన్ తూటాకున్న ఆ అంచు దానికీ ఉంది, దెబ్బ పడేదీ అక్కడే.

సెలవు, నమస్కారం.