షేక్ అయిందా, చేశావా?

హోస్ట్: నమస్కారం అండీ. ఈసారి రికార్డింగు ఇంట్లో కాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక, రోడ్డు పక్కన ఆపిన కార్లో కూర్చున్నాం. అద్దాలెత్తేసి ఏసీ పెట్టాం, అలల చప్పుడు వినపడలేదని తర్వాత నన్ననకండి. పక్క సీట్లో మా బాబాయి. జగదాంబ దగ్గర చాలా ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. చిన్నప్పుడు నేను తీసిన ప్రతి ఫోటో చూసి ఒకటే మాట అనేవాడు...

బాబాయి: షేక్ అయింది.

హోస్ట్: అదీ. అంటే కెమెరా కదిలి బొమ్మ అలికినట్టయిందని. ఇప్పుడేమో తనే పనిగట్టుకుని షేక్ చేస్తున్నాడు. మొన్న వాట్సాప్‌లో ఒకటి పంపించాడండీ. డౌన్‌లోడ్ సగంలో ఆగిందేమో అనుకున్నాను.

బాబాయి: మీ పిన్నయితే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది, పాపం.

హోస్ట్: అసలేంటి బాబాయ్ అది?

బాబాయి: మొక్కజొన్న పొత్తులు కాల్చే బండమ్మా. ఇక్కడే, ఆ గోడ దగ్గర. సాయంత్రం ఆరు దాటింది. మన బీచ్‌కి ఒక సుఖం ఉంది. సముద్రం తూర్పున కదా, సూర్యుడు ఊరి వెనక్కి దిగుతాడు. నీళ్ళల్లో సూర్యాస్తమయం లేదే అని వచ్చినవాళ్ళు ఏడుస్తారు గానీ, నాకదే కావాలి. ఇసక మీద మెత్తటి వెలుగు మిగులుతుంది. షటర్, అదే వెలుగుని లోపలికి వదిలే తలుపు, కాస్త స్లో చేసినా ఫోటో తెల్లగా పేలిపోదు. ఐఎస్ఓ, అంటే వెలుగుని పట్టే చురుకు, 100. ఎఫ్/8, అంటే లెన్సు కన్నం సైజు. షటర్ సెకనులో ఎనిమిదో వంతు. కెమెరా గోడ మీద ఆన్చి నొక్కాను.

హోస్ట్: చెయ్యి లేదు అందులో!

బాబాయి: విసనకర్ర విసిరే చెయ్యి. పొగలా అయిపోయింది. నిప్పురవ్వలు గీతలు గీశాయి. ఆయన మొహం మాత్రం కదల్లేదు. పొత్తు మాడిపోతుందేమోనని దాని మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. అదే బండిని సెకనులో ఐదొందలో వంతులో కూడా తీశాను. రవ్వలు చుక్కలైపోయాయి, చెయ్యి గాల్లో ఇరుక్కుపోయింది. విసురుతున్నాడా, ఈగని తోలుతున్నాడా తెలీలేదు.

హోస్ట్: అంటే అన్నీ చెరిగిపోతే కుదరదా?

బాబాయి: ఏదో ఒకటి నిలబడాలి. మొహమే అక్కర్లేదు, ఒక గీత ఉన్నా చాలు. పొద్దున్నే తెన్నేటి పార్కు దగ్గర కెమెరా అడ్డంగా ఊపుతూ సముద్రాన్ని తీస్తాను, అర సెకను. నీళ్ళు పట్టీలు పట్టీలుగా వస్తాయి, ఒక్క అల కనపడదు. అయినా నీళ్ళూ ఆకాశం కలిసే గీత ఉంటుంది చూడు, దాన్ని పట్టుకుని కన్ను నిలబడుతుంది. ఆ గీత వంకర పోయిందా, ఇంక అది ఒట్టి అలుకుడే.

హోస్ట్: నేను ఊపితే వంకరే వస్తుంది.

బాబాయి: నువ్వు చేతులు ఊపుతున్నావు. మోచేతులు డొక్కలకి ఆన్చి నడుము తిప్పాలి. ఇంకోటి, నొక్కాక కదలడం మొదలెట్టకూడదు. ముందే కదులుతూ ఉండి, ఆ ఊపులోనే నొక్కి, షటర్ మూసుకున్నాక కూడా కొంచెం సాగనివ్వాలి. క్రికెట్‌లో బ్యాటు సాగదూ, అలాగ. భీమిలి రోడ్డులో సరుగుడు చెట్లకైతే నిలువుగా, కింద నించి పైకి. నిలువుగా ఉన్నదాన్ని నిలువుగానే లాగితే దాని రూపం దానికి ఉంటుంది. అడ్డంగా ఊపేవనుకో, ఆకుపచ్చ రసం మిగులుతుంది.

హోస్ట్: మరి మిట్టమధ్యాహ్నం? మన ఎండలో అర సెకను ఎలా కుదురుతుంది?

బాబాయి: కుదరదు. ఐఎస్ఓ 100లో ఎఫ్/11 పెట్టినా ఆ ఎండకి సెకనులో 250వ వంతు చాలు. అక్కణ్ణించి పావు సెకనుకి రావాలన్నా ఆరు స్టాపుల వెలుగు ఆపాలి, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. దానికి ఎన్డీ 64 ఫిల్టర్ కావాలి, లెన్సుకి నల్ల కళ్ళద్దాలన్నమాట. లేదా ఇంట్లో పడుకో. నేను రెండోదే చేస్తాను.

హోస్ట్: బాబాయ్, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను చేస్తే షేకూ, నువ్వు చేస్తే ఆర్టూనా?

బాబాయి: నేను చేసినా షేకే ఉంది. ఫిల్మ్ రోజుల్లో ఒక పెళ్ళి. సరిగ్గా మాంగల్యధారణ టైముకి ఫ్లాష్ బ్యాటరీ చచ్చిపోయింది. కంగారులో సెకనులో పదిహేనో వంతుకి దించి తీసేశాను, చెయ్యి ఊగింది. ప్రింటులో పెళ్ళికొడుక్కి నాలుగు చేతులు. వాళ్ళు సగం డబ్బులే ఇచ్చి, చివాట్లు మాత్రం పూర్తిగా పెట్టారు.

హోస్ట్: ఇప్పుడు చూస్తే అందులో ఏదో అందం...

బాబాయి: ఏటీ లేదు. వాళ్ళదే కరెక్టు. మళ్ళీ రాని నిమిషం అది, ఆ ముడి వాళ్ళకి స్పష్టంగా కావాలి. పాడైపోయిన దానికి ఆర్టని పేరు పెట్టి తప్పించుకునే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. నా పరీక్ష ఒకటే, ఇంకోసారి అడిగితే అలాంటిదే తియ్యగలనా? పొత్తుల బండి తియ్యగలను. ఆ పెళ్ళి ఫోటో తియ్యలేను, తియ్యను కూడా.

హోస్ట్: కానీ మొదటిసారి అనుకోకుండానే వస్తుంది కదా ఎవరికైనా?

బాబాయి: రానీ, వస్తే తప్పేముంది? జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకావిడ. 1815లో మన కలకత్తాలో పుట్టింది. 1863లో, 48 ఏళ్ళప్పుడు, కూతురూ అల్లుడూ కెమెరా కొనిపెడితే అప్పుడు మొదలెట్టింది. మొహాలన్నీ మెత్తగా, మసక మసకగా తీసేది. ఆవిడకి ఫోకస్ చెయ్యడం రాదని అప్పటి ఫోటోగ్రాఫర్లు వెక్కిరించారు. ఆవిడేమో, మొదట్లో వచ్చినవి గుడ్డిదెబ్బే అని తనే రాసుకుంది. తర్వాత మాత్రం, లెన్సు తిప్పుతూ తిప్పుతూ తన కంటికి ఎక్కడ అందంగా కనపడితే అక్కడే ఆపేసేదట. మిగతావాళ్ళలా ఇంకా బిగించేది కాదు. చూశావా, గుడ్డిదెబ్బని పట్టుకుని పద్ధతి చేసుకుంది.

హోస్ట్: ఇదంతా కదలడం వల్ల వచ్చేది కాదు కదా. దీన్నేనా సాఫ్ట్ ఫోకస్ అనేది?

బాబాయి: ఆవిడది చాలావరకు ఫోకస్‌ని అలా ఆపెయ్యడమే. అసలు సాఫ్ట్ ఫోకస్ వేరు. ఫోకస్ తప్పితే కంటిరెప్ప వెంట్రుకలు కూడా పోతాయి. సాఫ్ట్ ఫోకస్‌లో వెంట్రుకలు ఉంటాయి, వాటి చుట్టూ వెలుగు పాలపొంగులా చిమ్ముతుంది. లెన్సు మధ్యలోంచి వచ్చిన కిరణాలు ఒక దగ్గర, అంచుల్లోంచి వచ్చినవి ఇంకో దగ్గర కలుస్తాయి. స్ఫెరికల్ అబెరేషన్ అంటారు. గట్టి బొమ్మ కింద, దాని మీద మసక బొమ్మ మీగడలాగ. మామూలు లెన్సుల వాళ్ళు దీన్ని పోగొట్టడానికి చచ్చేంత కష్టపడతారు. కేనన్ వాడు 1987లో కావాలనే 135 ఎంఎం సాఫ్ట్ ఫోకస్ లెన్సు తెచ్చాడు, రింగు తిప్పితే మెత్తదనం పెరుగుతుంది. అపర్చర్, అదే లెన్సు కన్నం, చిన్నది చేస్తే మాత్రం అంచుల కిరణాలు ఆగిపోతాయి, మెత్తదనమూ పోతుంది. అందుకని తెరిచే పెట్టుకోవాలి.

హోస్ట్: స్టూడియోలో ఆ లెన్సు ఉండేదా?

బాబాయి: అంత డబ్బేది? పూర్ణా మార్కెట్లో కొన్న నల్ల నెట్ గుడ్డ ముక్క, ఒక రబ్బరు బ్యాండు. లేదంటే లెన్సు ముందు బిగించే పాత యూవీ ఫిల్టర్ అద్దం మీద వాజెలిన్. లెన్సు మీదే రాసేవనుకో, ఖర్మ, తర్వాత వదలదు. మధ్యలో రూపాయి బిళ్ళంత ఖాళీ వదిలి, చుట్టూ వేలితో రాయాలి. అడ్డంగా రాస్తే దీపాల వెలుగు నిలువుగా సాగుతుంది, నిలువుగా రాస్తే అడ్డంగా. పెళ్ళిచూపుల ఫోటోలకి ఎంత మంది అడిగి రాయించుకున్నారో! మొటిమలకి అప్పుడు యాప్ లేదు, వాజెలినే.

హోస్ట్: ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా ఇప్పుడు.

బాబాయి: అది లెక్కగట్టి వెనకాల అలుకుతుంది. జుట్టు రేగితే తికమకపడి చెవి కూడా చెరిపేస్తుంది. దానికంటే ప్రో మోడ్‌లో షటర్ నీ చేతిలోకి తీసుకో. కదిలించి తీసేటప్పుడు, ఆపే వీలుంటే చేతి వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఆపెయ్యి. నువ్వు ఊపుతుంటే అది సర్దుతూ ఉంటుంది, ఇద్దరి మధ్యా ఫోటో పోతుంది.

హోస్ట్: సరే, లైట్ దిగుతోంది. పద, దిగుదాం. అండీ, మైకు తీసుకునే వస్తున్నాం, తలుపు చప్పుడు వినపడుతుంది. అబ్బ, ఏం ఉక్కపోత! అయ్యో బాబాయ్, లెన్సంతా ఆవిరి పట్టేసింది.

బాబాయి: ఏసీలో చల్లబడింది కదా. ఈ తేమ గాలి తగలగానే నీళ్ళు పేరుకుంటాయి. ఎప్పుడూ అంతే ఇక్కడ.

హోస్ట్: కర్చీఫ్ ఉందా?

బాబాయి: తుడవకు! ముందు దీపాల వైపు తిప్పు. ఇప్పుడొకటి తియ్యి. అర నిమిషం ఆగి ఇంకోటి. అంచులనించి కరుగుతూ వస్తుంది, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఆటోఫోకస్ ఆపు, అది పిచ్చిదైపోతుంది. ఆ ముంత మసాలా బండి బల్బు చూడు, ఎలా పొంగిందో.

హోస్ట్: ఒక్క నిమిషం అండీ, తీస్తున్నాను.