ఆగిన చోటే చలి

శ్రోతలకు నమస్కారం.

బైక్ రైడ్ అనగానే చాలామందికి పెట్రోల్ బండి గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది సైకిల్ సంగతి. ఇందులో పెట్రోలు ఖర్చుండదు, మోకాళ్ళే అరుగుతాయి. చలికాలంలో ఒకరోజు, ఇంకా తెల్లారకముందే, ఆరుగురు స్నేహితులం కలిసి 200 కిలోమీటర్లు తొక్కడానికి బయల్దేరాం. గుండె ఆపరేషన్ కావలసిన చిన్నపిల్లల కోసం విరాళాలు పోగుచేస్తున్నాం. తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు, కిలోమీటరుకు ఇంత అని కాగితం మీద రాసిచ్చారు. ఎన్ని కిలోమీటర్లు తొక్కితే అంత. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, పేచీ అంతా దీని దగ్గరే వచ్చింది.

చలికాలమే ఎందుకంటే, అది మా లెక్కల మాస్టారి ఆలోచన. మామూలు రోజుల్లో తొక్కితే ఎవరూ పట్టించుకోరు, చలిలో తొక్కితే జాలిపడి ఇంకాస్త ఎక్కువ రాస్తారన్నారు ఆయన. ఆయన లెక్క తప్పలేదు. మాది పోటీ కాదు. అయినా గడువంటూ ఒకటి ఉండాలి కదా. దూరాలు తొక్కేవాళ్ళకు ‘బ్రెవే’ అని ఒక పద్ధతుంది. అందులో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలిస్తారు. మేమూ అదే పెట్టుకున్నాం. మాతో పాటు ఒక కారు. అందులో దుప్పట్లు, ఫ్లాస్కులు, విడి ట్యూబులు, వాటన్నిటికీ కాపలాగా నిద్రమత్తులో మాలో ఒకడి తమ్ముడు.

అంత చలిలో ఎలా తొక్కారండీ అని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే తొక్కేటప్పుడు చలి పెద్ద సమస్య కాదు. మొదటి పావుగంట ముక్కు, చెవులు, వేళ్ళు మనవి కావేమో అనిపిస్తుంది. ఆ తర్వాత ఒళ్ళు వేడెక్కుతుంది. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఇంచుమించు నాలుగో వంతే పెడల్ తిప్పడానికి పనికొస్తుంది. మిగతా మూడు వంతులూ వేడి కిందే పోతుంది. అంటే సైకిల్ తొక్కే మనిషి ఒక కదిలే కుంపటి. కాళ్ళు ఆగాయా, కుంపటి ఆరిపోతుంది. పట్టిన చెమట మాత్రం బనీనులో అలాగే ఉంటుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే చలి తొక్కేటప్పుడు పట్టదు, ఆగినప్పుడు పడుతుంది. మళ్ళీ చెబుతున్నాను, ఆగినప్పుడు పడుతుంది.

ఇక ఆ పంక్చర్ సంగతి.

డెబ్భయ్యో కిలోమీటరు దగ్గర రోడ్డు పైకెక్కడం మొదలైంది. నాలుగు కిలోమీటర్లు ఏకధాటిగా ఎక్కుడే. మాలో ఒకడున్నాడు, అందరం బావా అని పిలుస్తాం. వరసకు ఎవరికీ బావ కాదు. నోరు మూతపడని మనిషి. సినిమా కథ చెప్పడం మొదలుపెట్టాడంటే ఇంటర్వెల్ దాకా రావడానికే ఇరవై కిలోమీటర్లు పడుతుంది. ఆ రోజూ అలాగే చెబుతూ, ఎక్కుడు మొదట్లో జాకెట్ విప్పేసి, “ఉడికిపోతున్నానురా” అంటూ కారులోకి విసిరేశాడు. కారు మాకంటే ముందు అవతలివైపు కిందికి వెళ్ళిపోయింది. మేం రొప్పుతూ, చెమటలు కక్కుతూ పైకి చేరామో లేదో, మాస్టారి వెనక చక్రం తుస్సుమంది.

మామూలుగా అది పది నిమిషాల పని. ఆ పొద్దున్న చలికి టైరు బిగుసుకుపోయి రిమ్ము వదలనంటోంది. గ్లోవ్స్ వేసుకుంటే పట్టు దొరకదు, తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎలాగో ట్యూబు మార్చి, మార్చిమార్చి పంపు కొట్టి, హమ్మయ్య అనుకునేసరికి రెండో ట్యూబు కూడా తుస్సు. టైరు లోపల గుచ్చుకున్న ముల్లు తీయకుండానే కొత్త ట్యూబు వేసేశాడు మా వాడొకడు. ఆ మా వాడు నేనే. టైరు లోపలంతా ముందు వేలితో తడిమి చూడాలని సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు. నేనూ తడిమాను. మొద్దుబారిన వేలికి ముల్లేం తెలుస్తుంది?

అరగంట పట్టింది. అరగంటసేపు ఆరుగురం చెమట బట్టలతో ఆ ఎత్తు మీద, ఆ గాలిలో నిలబడిపోయాం. ఇద్దరం పని చేస్తుంటే నలుగురు సలహాలిస్తున్నారు. కాదు, ముగ్గురే ఇస్తున్నారు. బావ ఇవ్వడం లేదు. చేతులు చంకల్లో పెట్టుకుని, సైకిల్‌కి ఆనుకుని, నేలకేసి చూస్తున్నాడు. సినిమా కథ క్లైమాక్స్ ముందు ఆగిపోయింది. నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పైగా, కాసేపు ప్రశాంతంగా ఉందిలే అనుకున్నాను.

తర్వాత ఎనిమిది కిలోమీటర్ల డౌను. తొక్కే పని లేదు, అంటే కుంపటి వెలగదు. పైగా గాలి. చెట్టు ఆకు కదలకపోయినా సరే, సైకిల్ తన గాలిని తనే పుట్టిస్తుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికది 0 డిగ్రీల్లా ఉంటుంది. సైపుల్, పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, గాలికి వేలాడదీసి, ఎంతసేపట్లో గడ్డకడతాయో చూసి ఈ లెక్కకు పునాది వేశారు. మా బావ ఆ రోజు తన ఒంటిమీదే ఆ ప్రయోగం చేశాడు.

కింద కారు దగ్గర అందరం ఆగాం. బావ కూడా ఆగాడు కానీ కాలు కింద పెట్టడం మరిచిపోయాడు. పడ్డాడు అనడానికి లేదు, మెల్లగా గడ్డిలోకి ఒరిగిపోయాడు. నవ్వాం. సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి, కానీ నవ్వాం. వాడు లేచి హెల్మెట్ తీయబోయాడు. బకిల్ రావడం లేదు. వేళ్ళు దాని మీద పాకుతున్నాయి తప్ప నొక్కలేకపోతున్నాయి. “ఏరా, బాగానే ఉన్నావా?” అన్నాను. “బా...నే ఉన్నా” అన్నాడు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు.

మాస్టారు వచ్చి వాడి గ్లోవ్ లాగేశారు. “బావా, నీ బొటనవేలితో చిటికెనవేలు తాకించు.”

వాడి బొటనవేలు మధ్యవేలి దాకా వచ్చి ఆగిపోయింది. వాడు దానివైపే చూస్తున్నాడు, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు.

ఈ ఒక్క పరీక్ష చెప్పడానికే నేనివాళ ఇక్కడికొచ్చాననుకోండి. కొండలెక్కేవాళ్ళు వాడే పద్ధతి ఇది. ఒంటి లోపల వేడి మామూలుగా 37 డిగ్రీలుంటుంది. 35 కంటే దిగితే డాక్టర్లు హైపోథర్మియా అంటారు. ముందు వేళ్ళ పట్టు తప్పుతుంది, తర్వాత మాట, ఆ తర్వాత అడుగు. ఊరికే చిరాకు పడతాడు, లేదా మూగవాడైపోతాడు. అచ్చం తాగినవాడిలా ఉంటాడు. ఇందులో చిక్కేమిటంటే చలి బుర్రకూ పడుతుంది. తనకు బాగాలేదన్న సంగతి తనకే తెలీదు. ఎన్నిసార్లడిగినా బాగానే ఉన్నానంటాడు. కాబట్టి అడగొద్దు. వేలు తాకించమనండి. ఎలా ఉన్నావని అడగొద్దు, వేలు తాకించమనండి. ఇంకో మాట. వణుకుతున్నాడంటే ఒళ్ళు ఇంకా పోరాడుతోందని అర్థం. బాగా చలిపట్టినవాడికి ఉన్నట్టుండి వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వేళ.

మా వాడు ఇంకా వణుకుతూనే ఉన్నాడు, అదృష్టం. కారులో కూర్చోబెట్టి తడిబట్టలన్నీ విప్పించాం. పొడి స్వెట్టరు, మంకీ క్యాప్, రెండు దుప్పట్లు. నేను ఆప్యాయంగా చేతులు రుద్దబోతే మాస్టారు కసిరారు. చల్లబడ్డ చేతులూ కాళ్ళూ రుద్దకూడదు, ముందు ఛాతీ, పొట్ట వేడెక్కాలి. మింగగలడని చూసుకున్నాక ఫ్లాస్కులోంచి తియ్యటి వేడి టీ కొంచెం కొంచెంగా పట్టించాం. ఓ అరగంటకి పళ్ళు టకటకలాడడం ఆగింది, మొహంలోకి రంగొచ్చింది. మాట తిరిగొచ్చింది. తిరిగొచ్చిన మొదటి మాట, “నా సైకిలేది?”

వద్దన్నాం. వాడు జేబులోంచి కాగితం తీశాడు. నలభై ఒక్క పేర్లు. కిలోమీటరుకు ఇంత, ఎన్ని తొక్కితే అంత. “నేను 82 దగ్గర ఆగిపోతే ఆ పిల్లలకు వచ్చేది సగం కూడా కాదు. కారెక్కి 200 అని చెప్పుకుంటే మోసం. ఎలా చూసినా తొక్కాల్సిందే” అన్నాడు. దానికి తోడు బెర్నార్ ఇనో పేరెత్తాడు.

సైకిల్ పిచ్చివాళ్ళకు ఆ కథ కంఠతా వచ్చు. 1980 ఏప్రిల్ 20న బెల్జియంలో లియేజ్–బాస్టోన్–లియేజ్ పోటీ. 244 కిలోమీటర్లు, మొదలుపెట్టిన కాసేపటికే మంచు తుఫాను. 174 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 21 మంది. ఫ్రాన్స్‌కు చెందిన ఇనో ఇంకా 80 కిలోమీటర్లుండగా ఒంటరిగా ముందుకెళ్ళి, రెండోవాడికంటే 9 నిమిషాలకు పైగా ముందు వచ్చి గెలిచాడు. “ఆయన ఆగాడా?” అన్నాడు బావ.

“ఆయన వేళ్ళ సంగతి కూడా చెప్పు మరి” అన్నారు మాస్టారు. ఇనోకి ఆ పోటీ తర్వాత కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ సరిగ్గా కదలడానికి మూడు వారాలు పట్టింది.

మాస్టారు అంతటితో వదల్లేదు. ఆ పోటీకి ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 12న, కెనడాలో టెరీ ఫాక్స్ అనే కుర్రాడు పరుగు మొదలుపెట్టాడు. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయింది, కృత్రిమ కాలు. క్యాన్సర్ పరిశోధన కోసం దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాలని, దేశంలో మనిషికొక్క డాలరు చొప్పున పోగుచేయాలని కోరిక. రోజుకు ఇంచుమించు ఒక మారథాన్ దూరం, అలా 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. ఊపిరితిత్తులకు క్యాన్సర్ పాకడంతో సెప్టెంబర్ 1న దారి మధ్యలోనే ఆగిపోవాల్సి వచ్చింది. “ఆగాక ఏమైందో తెలుసా?” అన్నారు మాస్టారు. విరాళాలు అప్పుడే పోటెత్తాయి. మరుసటి ఫిబ్రవరికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి. అంటే దాదాపు మనిషికొక్క డాలరు.

బావ కాసేపు ఆలోచించాడు. “ఆయనతో నాకు పోలికేంటి మాస్టారూ? ఆయన ఆగింది క్యాన్సర్ వల్ల. నేను ఆగేది జాకెట్ విప్పడం వల్ల.”

దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేకుండానే వాడి సైకిల్ తీసి కారు మీద కట్టేశాం.

మిగతా 118 కిలోమీటర్లు ఐదుగురం తొక్కాం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. అందరికంటే మెల్లగా తొక్కేవాడి వేగమే అందరి వేగం. ముందున్నవాడి వెనక గాలి చాటున మిగతావాళ్ళు, పది నిమిషాలకోసారి మార్పు. ఎక్కడ ఆగినా పది నిమిషాలు దాటలేదు. ఆగీ ఆగగానే, ఇంకా ఒళ్ళు వేడిగా ఉండగానే, జాకెట్ ఒంటిమీదికి రావాలి. చలేశాక వేసుకుందాంలే అన్నవాడిని మాస్టారు బెత్తం లేకుండానే చూపుతో కొట్టారు. ఆ తర్వాత ఒకరి చేతులొకరు చూసుకుంటూ చిటికెనవేలు తాకించడం. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో వ్రతమనుకుని ఉంటారు. పన్నెండు గంటల యాభై నిమిషాలకు పూర్తిచేశాం. చివరి నలభై కిలోమీటర్లూ బావ కారు అద్దం దించి, తల మాత్రం బయటపెట్టి, ఆ సినిమా క్లైమాక్స్ వినిపించాడు. అద్దం ఎక్కించమని తిడితే ఎక్కించాడు, మళ్ళీ దించాడు.

మర్నాడు వాడు ఆ నలభై ఒక్కమందికీ ఫోన్లు చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను. “82 తొక్కానండీ, ఆ తర్వాత కారెక్కాను, 82కే ఇవ్వండి” అని ఒకటే పాట. ఎక్కువమంది, “ఏం పరవాలేదు నాయనా, రాసిందంతా పంపిస్తాం” అన్నారు. ఇద్దరు మాత్రం లెక్క లెక్కే అని సరిగ్గా 82కే పంపారు. వాళ్ళను ఎవరైనా ఒక మాటంటే బావ ఊరుకోడు, వాళ్ళే నిజాయితీపరులంటాడు. ఒక పెద్దావిడ మాత్రం అంతా ఓపిగ్గా విని, “ఇంతకీ చేతులెలా ఉన్నాయి బాబూ? వేలు తాకుతోందా?” అని అడిగి, మొత్తం రెండొందల కిలోమీటర్లకూ పంపించింది. ఆవిడకు ఆ వేలి పరీక్ష ఎలా తెలుసో బావ అడగలేదు. నేను ఇప్పటికీ అనుకుంటాను, అడిగి ఉండాల్సిందని.

ఈ చలికాలానికి బావ మళ్ళీ కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. ఈసారి అందులో కొత్తగా ఒక గడి గీశాడు. ‘సైకిల్ మీదైతే కిలోమీటరుకు ఎంత’ అన్నదాని పక్కన, ‘కారులోనైతే ఎంత’ అని.