బస్తా లెక్క నుంచి బ్యాలెన్స్ షీట్ దాకా
(విజయనగరంలో డిగ్రీ, ఎంబీఏ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేనూ ఈ ఊళ్లో గంటస్తంభం పక్కనుంచి కాలేజీకి నడిచి వెళ్లినవాణ్ణే. మీ ముందు నిలబడితే చాలా చెప్పాలనిపిస్తోంది.

ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఇంటర్న్‌షిప్ వచ్చిందని ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ అడిగింది: "ఏటి పని బాబూ అది? క్యాషియరా?" నేనన్నాను: "కంపెనీలకు సంబంధాలు కుదిర్చే పనమ్మా. ఒక కంపెనీ ఇంకోదాన్ని కొనాలన్నా, జనానికి వాటాలు అమ్మి డబ్బు తెచ్చుకోవాలన్నా మధ్యలో పెద్దమనుషులు కావాలి కదా. వాళ్ల దగ్గర లెక్కలు రాస్తాను." ఇంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. మన దేశంలో పబ్లిక్ ఇష్యూ, అంటే జనానికి వాటాలు అమ్మే పని, నడిపించే ఆ పెద్దమనుషుల పేరు మర్చంట్ బ్యాంకర్లు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ దగ్గర రిజిస్టర్ కాకుండా ఆ పని చెయ్యకూడదు.

ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతుంటారు. కోర్సు కంటే ముందు పలాస గురించి చెప్తాను.

పలాస, కాశీబుగ్గల్లో జీడి వ్యాపారి ఎండాకాలంలో పిక్కలు కొంటాడు. 80 కిలోల బస్తా లెక్క. కాల్చి, కొట్టి, పొట్టు తీస్తే బస్తాకి ఇరవై కిలోల పైచిలుకు పప్పు దిగుతుంది. గిరాకీ వచ్చేది దసరా, దీపావళికి. అంటే డబ్బు ముందు పోతుంది, వెనక వస్తుంది. లెక్క కోసం అనుకోండి: పిక్కలకీ కూలికీ కలిపి 12 లక్షలు నగదుగా ఇచ్చాడు. సరుకంతా 14 లక్షలకు అమ్మాడు, సగం అప్పు మీద. పుస్తకంలో లాభం 2 లక్షలు. గల్లాపెట్టెలో? వచ్చింది 7, పోయింది 12. అయిదు లక్షలు లోటు. లాభం వచ్చిన ఏడాదే ఆయన బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. ఇలా సరుకులోనూ, రావాల్సిన బాకీల్లోనూ ఇరుక్కునే డబ్బే వర్కింగ్ క్యాపిటల్. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి లాభం వేరు, నగదు వేరు అని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మీ చదువు అక్కడ మొదలుపెట్టండి. మీ వీధిలో ఒక వ్యాపారాన్ని పట్టుకుని దాని లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్ (ఆస్తులు, అప్పుల పట్టిక), క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల లెక్క) మీ చేత్తో కాగితం మీద రాయండి.

ఎందుకంటే ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా దీని మీదే. "డిప్రిసియేషన్ 10 రూపాయలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏం మారుతుంది?" డిప్రిసియేషన్ అంటే యంత్రాల అరుగుదలను ఏటా ఖర్చుగా రాయడం. పన్ను 25 శాతం అనుకుందాం. పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది, పన్ను రెండున్నర తగ్గుతుంది, కాబట్టి నికర లాభం ఏడున్నర తగ్గుతుంది. డిప్రిసియేషన్‌లో నగదు బయటికి పోలేదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలుపుతాం. నగదు రెండున్నర పెరిగింది! బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు యంత్రాల విలువ 10 తగ్గి, నగదు రెండున్నర పెరిగి, మొత్తం ఏడున్నర తగ్గుతుంది. అటువైపు వాటాదారుల నిధి కూడా ఏడున్నరే తగ్గుతుంది. రెండు పక్కలూ సరిపోయాయి. ఇది బట్టీపడితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. పన్ను ఎందుకు తగ్గిందో అర్థమైతే ఎన్ని ప్రశ్నలు వేసినా భయం ఉండదు.

ఎక్సెల్ గురించి ఎక్కువ చెప్పను, రోజుకో గంట చేస్తే చేతికి వచ్చేస్తుంది. కానీ ఒక అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే చేసుకోండి: మీరు టైపు చేసిన అంకె నీలం రంగులో, ఫార్ములా నలుపులో. ఇంకో అలవాటు, యూనిట్ చూసుకోవడం. అది లేక నేను పడ్డ బాధ చెప్తాను. ఇంటర్న్‌షిప్ రెండో వారం, రాత్రి ఒంటిగంట. ఆరు కంపెనీలను పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాను. అయిదు కంపెనీల వార్షిక నివేదికలు కోట్లలో, ఒకటి లక్షల్లో. నేను చూసుకోలేదు. 840 ఉండాల్సిన గడిలో 84,000 పెట్టాను. సగటు ఆకాశానికి వెళ్లిపోయింది. మా సీనియర్ ఆ గడి మీద వేలు పెట్టి, "ఇది లక్షలా, కోట్లా?" అని మాత్రం అడిగారు. కోప్పడలేదు. నాకు చెమటలు పట్టాయి. ఇప్పటికీ ఏ షీటు తెరిచినా ముందు నా కళ్లు పై మూలన రాసిన యూనిట్ మీదికే పోతాయి. మీరూ ముందు అదే చూడండి.

చదవడానికి ఏం కావాలి? ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి వాటాలు అమ్మడానికి, వచ్చే కంపెనీ సెబీకి ఇచ్చే ముసాయిదా పత్రం, డీఆర్‌హెచ్‌పీ, సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వందల పేజీలుంటుంది, బెదిరిపోకండి. ముందు డబ్బు దేనికి వాడతారో చెప్పే అధ్యాయం చూడండి. ఫ్యాక్టరీకా, పాత అప్పు తీర్చడానికా? ఆఫర్ ఫర్ సేల్ అయితే ఆ డబ్బు కంపెనీకి రాదు, వాటా అమ్ముకున్న పాతవాళ్లకు పోతుంది. తర్వాత రిస్క్ ఫ్యాక్టర్లు, అంటే కంపెనీకి పొంచి ఉన్న ప్రమాదాలు, చదవండి. వారానికో కంపెనీ మీద ఒక్క పేజీ నోటు రాయండి. పెద్ద ప్రాజెక్టులంటే ఆసక్తి ఉంటే పక్కనే భోగాపురం ఎయిర్‌పోర్టు ఉంది, 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్రాజెక్టు చేపట్టింది జీఎంఆర్ గ్రూపు, దాన్ని స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావు గారు మన రాజాం మనిషి. అలాంటి ప్రాజెక్టులో సొంత డబ్బెంత, అప్పెంత, వడ్డీ దేంట్లోంచి కడతారు అని వార్షిక నివేదికల్లో వెతకండి.

పెద్ద బ్యాంకులు క్యాంపస్ సెలెక్షన్లకు మన కాలేజీల దాకా రావడం కష్టం. ఆ మాట దాచను. కానీ 2012లో మన స్టాక్ ఎక్స్ఛేంజీలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ రెండూ చిన్న కంపెనీల కోసం ఎస్ఎంఈ వేదికలు తెరిచాయి. ఆ ఇష్యూలు చేసే చిన్న మర్చంట్ బ్యాంకర్లకు పని చేసే చేతులు కావాలి. సెబీ వెబ్‌సైట్‌లో జాబితా ఉంది. రెజ్యూమేతో పాటు మీరు రాసిన ఆ ఒక్క పేజీ నోటు పంపండి. పది మందికి పంపితే ఎవరూ జవాబివ్వకపోవచ్చు. పదకొండో మెయిల్ కూడా పంపండి.

ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. ముందు తెలుగులో మీ చెల్లికి అర్థమయ్యేలా చెప్పండి. అది కుదిరాక చిన్న వాక్యాల్లో, నెమ్మదిగా ఇంగ్లిష్‌లో చెప్పండి. మన యాస గురించి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, లెక్క తప్పకూడదు.

ఇంకోటి. పనిలో చేరాక, మీరు ఎవరి ఇష్యూ మీద పనిచేస్తున్నారో ఆ కంపెనీ పేరు బయటికి రాకూడదు, ఇంట్లో కూడా. బయటికి రాని సమాచారాన్ని చెప్పడమైనా, దాన్ని పట్టుకుని షేర్లు కొనడమైనా సెబీ 2015 నిబంధనల కింద నేరుగా మీ మెడకు చుట్టుకుంటుంది. "ఏ కంపెనీ పని బాబూ?" అని మా అమ్మ ఫోన్లో ఎన్నిసార్లు అడిగిందో. చెప్పలేదు. బాధపడింది కూడా. ఇష్యూ పేపర్లో వచ్చిన రోజు నేనే ఫోన్ చేసి చెప్పాను.

సరే, ప్రొజెక్టర్ వేయండి. ఒక డీఆర్‌హెచ్‌పీ తెరుస్తున్నాను, క్యాష్ ఫ్లో పేజీ. మీలో జీడిపప్పు ఇళ్లవాళ్లు ఎవరైనా ఉంటే ముందు బెంచీకి రండి. మొదటి ప్రశ్న మీకే.