మతిమరుపుకి చాలా ఏళ్ల ముందే: అల్జీమర్స్‌లో మెదడు కణాల్లో ఏం మొదలవుతుంది?

[స్క్రీన్ మీద: పాత మైక్రోస్కోప్, 1906]

ఆగస్టె డీటర్ అనే జర్మన్ మహిళ చనిపోయాక ఆమె మెదడును అలోయిస్ అల్జీమర్ అనే డాక్టర్ పరీక్షించారు. కణాల బయట గడ్డలు, లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. అది జబ్బు చివరి దశ. మరి మొదలెప్పుడు?

[కొలంబియా మ్యాప్]

కొలంబియాలోని ఆంటియోకియాలో కొన్ని కుటుంబాలకు ప్రెసెనిలిన్-1 అనే జన్యువులో ఒక మార్పు తరతరాలుగా వస్తోంది. అది ఉన్నవాళ్లకు సుమారు 44 ఏళ్లకు జ్ఞాపకశక్తి తగ్గడం మొదలవుతుంది. కానీ మెదడు పెట్ స్కాన్‌లో, ఆ గడ్డల్లో ఉండే అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం 28 ఏళ్ల ప్రాంతంలోనే కనబడింది! ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకు తిరిగే వయసు అది.

[యానిమేషన్: న్యూరాన్ పైపొర]

న్యూరాన్ అంటే మెదడులోని నాడీకణం. దాని పైపొరలో ఏపీపీ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని బీటా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ ఒకచోట, గామా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ మరోచోట కోస్తే బీటా అమిలాయిడ్ ముక్క ఊడివస్తుంది. ఇది అందరిలోనూ జరిగేదే. అయితే 42 అమైనో ఆమ్లాలున్న ముక్కలు ఒకదానికొకటి తేలిగ్గా అతుక్కుంటాయి. ఆ కుటుంబాల్లో మార్పు వచ్చిన ప్రెసెనిలిన్, గామా సెక్రెటేజ్‌లో భాగమే.

[సినాప్స్ క్లోజప్, నెమ్మదిగా]

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ముక్కలు ఇంకా గడ్డ కట్టలేదు, చిన్న గుంపులుగా తేలుతున్నాయి. న్యూరాన్ల మధ్య కబుర్లు నడిచే సినాప్స్‌లకు అప్పుడే దెబ్బ తగులుతోంది. సి1క్యూ అనే ప్రోటీన్ వచ్చి సినాప్స్‌కి అంటుకుంటుంది. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణం ఆ సినాప్స్‌ని పట్టుకుని మింగేస్తుంది. చిన్నతనంలో అక్కర్లేని సినాప్స్‌లను తీసేసి మెదడును తీర్చిదిద్దిన పద్ధతే ఇది. ఎలుకల మీద పరిశోధనల్లో, గడ్డలు కట్టకముందే ఇది జరగడం చూశారు. న్యూరాన్ బతికే ఉంటుంది, కనెక్షన్ పోతుంది. ఈ జబ్బులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

[న్యూరాన్ లోపలి భాగం]

న్యూరాన్ లోపల ఉండే టౌ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్లు ఎక్కువగా అంటుకుంటాయి. అది తన చోటు వదిలేసి చిక్కుపడుతుంది. అల్జీమర్ చూసిన పోగులు ఇవే. పీ-టౌ217 అనే దాని రూపాన్ని ఇప్పుడు రక్తంలోనే కొలుస్తున్నారు.

[యాంకర్]

ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే "వయసైపోయింది కదా" అని వదిలేయకండి, న్యూరాలజిస్ట్‌కి చూపించండి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య వల్ల కూడా మతిమరుపు రావచ్చు. ఆ రెండింటికీ మందులున్నాయి.